పుండు మానింది, జబ్బు మానలేదు: హైదరాబాద్‌లో ఫోను వీడియోలతో లైంగిక ఆరోగ్య విద్య, ఒక కేస్ స్టడీ

పురుషులతో లైంగిక సంబంధాలున్న పురుషుల కోసం హైదరాబాద్‌లో నడిచే ఒక ప్రాజెక్టులో నేను కౌన్సెలర్‌ని. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అంటే న్యాకో, నిధులిస్తుంది. రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ పర్యవేక్షిస్తుంది. క్షేత్రంలో పని స్వచ్ఛంద సంస్థలది. కండోమ్‌లు అందించడం, సుఖవ్యాధులకు వైద్యం చేయించడం, హెచ్‌ఐవీ పరీక్షకు తీసుకెళ్లడం, పాజిటివ్ వస్తే హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో వైద్యం మొదలయ్యేదాకా వెంట ఉండడం మేం చేసే పనులు. ఇందుకోసం చిన్న వీడియోలు ఎలా తయారు చేసుకున్నామో, అవి ఎవరికి ఎలా చేరాయో, వాటిలో ఒకటి చూసిన ఒక మనిషి విషయంలో ఏం జరిగిందో ఇక్కడ రాస్తున్నాను. ఇదే పనిలో ఉన్న కౌన్సెలర్లు, నర్సులు, పీర్ ఎడ్యుకేటర్లు (ఈ సమూహం నుంచే వచ్చి తోటివాళ్లకు సమాచారం చెప్పేవాళ్లు, మా మాటల్లో పీర్‌లు) చదువుతారని నా ఆశ.

ఆ మనిషి అనుమతితోనే రాస్తున్నాను. వృత్తి, నివాసం, కుటుంబ వివరాలు గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చాను. మగవాళ్లు ఒకరినొకరు కలుసుకునే చోట్ల పేర్లు కూడా రాయను. అవి అచ్చయితే ముందుగా అక్కడికి చేరేది బెదిరించి డబ్బు గుంజేవాళ్లే.

నా అనుభవం నేర్పిన ముఖ్యమైన విషయం ఒకటుంది. వీడియోలో ఏం చెప్పాలో ఆలోచించే ముందు, దాన్ని చూసే మనిషి ఎక్కడ కూర్చుని, ఎవరి పక్కన కూర్చుని చూస్తాడో తేల్చుకోవాలి. మిగతా నిర్ణయాలన్నీ, అంటే నిడివి, శబ్దం, బొమ్మలు, భాష, పంపే పద్ధతి, దాని వెంటే వస్తాయి.

చూసే చోటు

2021 నాటి జాతీయ సర్వేలెన్స్ లెక్కల ప్రకారం పురుషులతో సంబంధాలున్న పురుషుల్లో హెచ్‌ఐవీ ఉన్నవారు 3 శాతానికి పైన. దేశంలోని వయోజనులందరిలో అది 0.2 శాతం. తేడా ఇంత ఉన్నా, ఈ పురుషులకు తగిన సమాచారం అందడం చాలా కష్టం. ఒకప్పుడు పార్కుల్లో, బస్టాండ్ల దగ్గర, స్టేషన్ల పక్కన మా పీర్‌లు వీళ్లను కలిసేవారు. కండోమ్‌లు చేతిలో పెట్టి నాలుగు మాటలు చెప్పేవారు. ఇప్పుడు పరిచయాలు ఎక్కువగా ఫోను యాప్‌లలో జరుగుతున్నాయి. పార్కులో పీర్ ఎదురుచూస్తుంటే, అతను కలవవలసిన మనిషి అమీర్‌పేట హాస్టల్ గదిలో మంచం మీద పడుకుని ఫోను చూసుకుంటూ ఉంటాడు.

ఆ గదిలో ముగ్గురు నలుగురు ఉంటారు. పాతబస్తీలో ఉమ్మడి కుటుంబంలో ఉండే కుర్రవాడికైతే తనదంటూ ఒక గదే ఉండదు. ఫోను తమ్ముడి చేతిలోకి, అక్క పిల్లల చేతిలోకి వెళ్తూ వస్తూ ఉంటుంది. జీడిమెట్ల, బాలానగర్ షెడ్లలో పనిచేసేవాళ్లు భోజన విరామంలో అందరూ ఒకే ఫోను మీదికి వంగి వీడియోలు చూస్తారు. పెళ్లయినవాడి ఫోను లాక్ భార్యకు తెలిసి ఉంటుంది. అలాంటప్పుడు కరపత్రం జేబులో దొరికినా, ఎయిడ్స్ గుర్తయిన ఎర్ర రిబ్బను బొమ్మ ఫోను తెర మీద కనిపించినా జరిగే ప్రమాదం నిజమైనది. ఉద్యోగం పోవచ్చు, ఇల్లు పోవచ్చు, దెబ్బలు తినాల్సి రావచ్చు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ నుంచి వయోజనుల పరస్పర సమ్మత సంబంధాలను తొలగించింది. చట్టం మారింది కానీ ఇంట్లో నాన్న మారలేదని ఒక పీర్ అన్నాడు. అతని మాట మా పనికి పునాది అయింది.

కొన్నేళ్లుగా చాలా కేంద్రాల్లో ఉన్న పాత తరహా వీడియో సంగతి చెప్పాలి. తెల్లకోటు వేసుకున్న డాక్టరు, స్త్రీ పురుషుల శరీరాల రేఖాచిత్రాలు, పరాయి స్త్రీల దగ్గరికి వెళ్లవద్దన్న హితవు, భార్యకు నమ్మకంగా ఉండమన్న ముగింపు. అందులో తప్పేమీ చెప్పరు. చెప్పనిదే ప్రమాదం చేసింది. ఒక కుర్రవాడు దాన్ని పూర్తిగా చూసి, "అందులో మా ఊసే లేదు కదా సార్, అంటే మగవాళ్ల మధ్య ఈ జబ్బు రాదన్నమాట" అన్నాడు. ఎగతాళిగా అనలేదు, నిజంగానే నమ్మాడు. అలా నమ్మేవాళ్లు మా రిజిస్టరులో చాలామంది ఉన్నారు.

వాస్తవం దానికి పూర్తిగా ఎదురు. హెచ్‌ఐవీ ఉండి మందులు వాడని వ్యక్తితో కండోమ్ లేకుండా కలిసినప్పుడు, మలద్వార సంభోగంలో స్వీకరించే వ్యక్తికి వైరస్ సోకే అవకాశం 10,000 సార్లకు 138 అని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాల అంచనా. యోని సంభోగంలో స్త్రీకి అది 8. దాదాపు 17 రెట్లు. మలద్వారం లోపలి పొర చాలా పలుచన, సహజంగా జిగట ఊరదు, తేలికగా చిట్లుతుంది. ఈ ఒక్క విషయం సూటిగా, సిగ్గుపడకుండా, తిట్టకుండా చెప్పే వీడియో తెలుగులో కావాలన్నదే మా మొదటి అవసరం.

తయారీ

వీడియోతో లైంగిక ఆరోగ్య విద్య కొత్త ఆలోచన కాదు. న్యూయార్క్ సౌత్ బ్రాంక్స్‌లో సుఖవ్యాధుల క్లినిక్‌కు వచ్చే నల్లజాతి, లాటినో పురుషుల కోసం 1990లలోనే ఒక కార్యక్రమం రూపొందింది. ముందు తమలాంటి మనుషులే కనిపించే వీడియో చూపిస్తారు, తర్వాత చిన్న గుంపుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. తర్వాత డెన్వర్, లాంగ్ బీచ్, శాన్‌ఫ్రాన్సిస్కో నగరాల్లోని మూడు క్లినిక్‌ల వెయిటింగ్ హాళ్లలో 23 నిమిషాల వీడియో వేసి, దాదాపు 40,000 మంది రోగుల రికార్డులు పరిశీలించారు. వీడియో వేసిన రోజుల్లో వచ్చినవారిలో కొత్త సుఖవ్యాధులు సుమారు 10 శాతం తక్కువ కనిపించాయి. ఆ ఫలితం 2008లో ప్రచురితమైంది. కౌన్సెలర్ ఒక్క మాట అదనంగా చెప్పనక్కరలేకుండా, ఖర్చు లేకుండా వచ్చిన 10 శాతం అది. చిన్నదేమీ కాదు.

అయితే ఆ పద్ధతికి వెయిటింగ్ హాలు కావాలి, అందులో కూర్చున్న మనిషి కావాలి. మా వాళ్లు సుఖవ్యాధుల క్లినిక్ బోర్డు కింద కూర్చోరు. లోపలికి రావడానికే భయపడే మనిషికి లోపల వీడియో వేసి లాభం లేదు. అందుకే వీడియోను అతని దగ్గరికి పంపాలి, చూశాక మాట్లాడే మనిషిని కూడా అతని దగ్గరే ఉంచాలి. సౌత్ బ్రాంక్స్ వాళ్ల పద్ధతిలో చూశాక మాట్లాడడం అనే రెండో సగాన్ని మేం వదలలేదు. గుంపును మాత్రం వదిలేశాం. మా దగ్గర ఆ సంభాషణ ఇద్దరి మధ్యే జరగాలి.

స్క్రిప్టు పీర్‌లే రాశారు. నేను, మా డాక్టరు పక్కన కూర్చుని వైద్యపరమైన తప్పులుంటే చెప్పేవాళ్లం. ఒక్కో వీడియోలో ఒక్కటే విషయం, రెండున్నర నిమిషాలకు మించకూడదు. శబ్దం పూర్తిగా ఆపేసినా అర్థమయ్యేలా పెద్ద అక్షరాల్లో తెలుగు. ముఖాలు ఉండవు, చేతులే కనిపిస్తాయి. ముఖం చూపిస్తే నమ్మకం పెరుగుతుందని ఒక కుర్రవాడు తన ముఖమే ఇస్తానన్నాడు. అతని ధైర్యాన్ని గౌరవిస్తాను, కానీ ఒప్పుకోలేదు. వీడియో ఒకసారి బయటికి వెళ్తే వెనక్కి రాదు, అతని చెల్లెలికి ఇంకా పెళ్లి కావలసి ఉంది. గొంతు మాత్రం అతనిదే వాడాం.

మొదటి ఫ్రేము గురించి చాలాసేపు వాదించుకున్నాం. ఫోను తెర మీద చిన్న చతురస్రంగా కనిపించేది అదే. చివరికి అన్ని వీడియోలకూ ఇరానీ చాయ్ కప్పు, పక్కన రెండు ఉస్మానియా బిస్కెట్లు పెట్టాం. ఎవరైనా భుజం మీది నుంచి చూసినా హోటలు వీడియో అనుకుంటారు. సంస్థ పేరు, గుర్తు, రిబ్బను ఏవీ ఉండవు. చివర్లో పీర్‌ని ఏ వేళల్లో పిలవవచ్చో, జాతీయ హెల్ప్‌లైన్ 1097 నంబరు ఏమిటో ఉంటుంది.

పంపే పద్ధతికి కూడా నియమాలు పెట్టుకున్నాం. గ్రూపుల్లో వేయకూడదు. మనిషి అడగకుండా పంపకూడదు. వాట్సాప్‌లో ఒక్కసారి మాత్రమే చూడగలిగే పద్ధతిలో పంపితే గ్యాలరీలో మిగలదు. అన్నిటికంటే మేలైనది, పీర్ తన ఫోనులోనే చూపించడం. అలా చూపించినప్పుడు అవతలి మనిషి ఫోనులో ఏ ఆనవాలూ ఉండదు, ప్రశ్న పుట్టిన క్షణంలోనే అడగడానికి పక్కన మనిషి ఉంటాడు. పని ఎక్కువ పట్టే దారి ఇది. లెక్కలు అడిగేవాళ్లకు వ్యూల సంఖ్య చూపించలేం. అయినా నేను ఈ దారినే సమర్థిస్తాను.

నూనె వీడియో గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మిగతా వాటన్నిటికంటే ఎక్కువ పనిచేసింది అదే. కండోమ్ వాడుతున్నామని చెప్పేవాళ్లలో చాలామంది దాని మీద కొబ్బరినూనె, వాజలీన్, చేతికందిన క్రీము రాస్తారు. అవి చిరిగిపోతుంటే ఆరోగ్యశాఖ కండోమ్‌లు నాసిరకమని నిందిస్తారు. నూనె తగిలితే కండోమ్ రబ్బరు, అంటే లేటెక్స్ బలం ఒక నిమిషంలోనే చాలావరకు పోతుంది. ఈ మాట నోటితో ఎన్నిసార్లు చెప్పినా తలూపి ఊరుకునేవారు.

వీడియోలో మాటలు తీసేశాం. ఒక బల్ల, రెండు చేతులు, గాలి ఊదిన రెండు కండోమ్‌లు, వెనక గోడ గడియారం. ఒక చెయ్యి నీలిరంగు సీసా నుంచి నూనె వేళ్ల మీద పోసుకుని ఎడమవైపు కండోమ్‌కి నెమ్మదిగా పూస్తుంది. రెండో చెయ్యి ప్రాజెక్టులో ఉచితంగా ఇచ్చే నీటి ఆధారిత జెల్లీ ప్యాకెట్ చించి కుడివైపు దానికి పూస్తుంది. తర్వాత రెండు చేతులూ పక్కకు తప్పుకుంటాయి. సెకన్ల ముల్లు తిరుగుతూ ఉంటుంది. నూనె పూసిన చోట రబ్బరు మసకబారి, ఒక పక్కకు ఉబ్బుతుంది. పగిలినప్పుడు చూసేవాడు ఉలిక్కిపడతాడు. కుడివైపుది అలాగే ఉంటుంది. మధ్యలో కోత లేకుండా ఒకే షాటుగా తీశాం, మోసం ఉందన్న అనుమానం రాకూడదని. ఇది చూసిన తర్వాత జెల్లీ ప్యాకెట్లు అడిగి తీసుకోవడం మొదలైంది. అంతకుముందు వాటిని తీసుకోమని మేమే బతిమాలేవాళ్లం.

దక్కనీలో

పాతబస్తీలో, టోలీచౌకీలో ఉండే ముస్లిం యువకుల కోసం వీడియోలు దక్కనీ ఉర్దూలో కావాలి. తెలుగు స్క్రిప్టును మార్చి చెప్పిస్తే సరిపోదని అక్కడి పీర్‌లు మొదటి సమావేశంలోనే తేల్చేశారు. వాళ్లకు వచ్చే ప్రశ్నలే వేరు.

సున్తీ అయింది కాబట్టి హెచ్‌ఐవీ రాదు అన్నది వాటిలో మొదటిది. ఈ నమ్మకం వెనుక ఒక నిజం ఉంది కాబట్టే అది గట్టిగా నాటుకుంది. దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండాల్లో జరిగిన పరీక్షల్లో, సున్తీ చేయించుకున్న పురుషులకు స్త్రీల నుంచి హెచ్‌ఐవీ సోకడం సుమారు 60 శాతం తగ్గింది. దాని ఆధారంగానే 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న దేశాలకు సున్తీని సిఫారసు చేసింది. కానీ ఆ రక్షణ పూర్తి కాదు. మగవాళ్ల మధ్య సంభోగంలో స్వీకరించే వ్యక్తికి అతని సున్తీ వల్ల వచ్చే రక్షణ ఏమీ లేదు. వీడియోలో ముందు ఆ నిజాన్ని ఒప్పుకుని, తర్వాత దాని హద్దు చెప్పాం. నమ్మకాన్ని కొట్టిపారేస్తే మనిషి చెవులు మూసుకుంటాడు. సగం నిజమని చెబితే మిగతా సగం వింటాడు.

రెండోది రంజాన్ ప్రశ్న. హెచ్‌ఐవీ మందులు వాడేవాళ్లు ఉపవాసం ఉండవచ్చా? ఇప్పుడు ఏఆర్‌టీ సెంటర్లలో ఎక్కువమందికి ఇచ్చేది రోజుకు ఒక్క మాత్ర. దాన్ని సహర్ వేళో ఇఫ్తార్ తర్వాతో, రోజూ ఒకే సమయానికి వేసుకోవచ్చు. ఇతర జబ్బులున్నవాళ్లు డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి. ఇంత చిన్న సమాధానం దొరక్క, నెలపాటు మందులు ఆపేసినవాళ్లున్నారు. ఆ వీడియోను రంజాన్‌కు ముందే, షాబాన్ నెలలో చూపించడం మొదలుపెడతాం. పాపం, పుణ్యం అన్న మాటలు ఎక్కడా రావు. ఆ భయం వాళ్లలో ఇప్పటికే మోయలేనంత ఉంది, దానికి మేం కలపవలసిందేమీ లేదు.

కేసు

అతనికి ముప్ఫై దాటాయి. ఆటో నడుపుతాడు. పెళ్లయింది, భార్యకు అయిదో నెల. మగవాళ్లతో సంబంధాలు పెళ్లికి ముందు నుంచీ ఉన్నాయి. మా పీర్ ఒకరికి ముఖపరిచయం, కండోమ్‌లు తీసుకునేవాడు కానీ క్లినిక్‌కు రమ్మంటే నవ్వి తప్పించుకునేవాడు.

ఒక రాత్రి ఆటోలో వెనక సీట్లో కూర్చుని పీర్ అతనికి సిఫిలిస్ వీడియో చూపించాడు. సిఫిలిస్‌నే పాత తరం సవాయి రోగం అంటుంది. వీడియోలో చెప్పేది ఇంతే: మర్మాంగం మీదో, మలద్వారం దగ్గరో, నోట్లోనో నొప్పి లేని ఒక పుండు వస్తుంది. ఏ మందూ వాడకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో దానంతటదే మానిపోతుంది. జబ్బు మాత్రం రక్తంలో ఉండిపోతుంది. కొన్ని వారాలకు అరచేతుల్లో, అరికాళ్లలో దురద లేని దద్దుర్లు రావచ్చు, అవీ మాయమవుతాయి. ఏళ్ల తర్వాత గుండెను, నరాలను, మెదడును దెబ్బతీయవచ్చు. తెర మీద చివరి వాక్యం: పుండు మానింది, జబ్బు మానలేదు.

అతను మళ్లీ వేయమన్నాడు. రెండోసారి చూశాక, "అన్నా, మానిపోయినదాని గురించి ఇప్పుడెందుకు చెబుతున్నారు?" అన్నాడు. పీర్ జవాబు చెప్పలేదు, ఆగాడు. శిక్షణలో మేం అందరికంటే ఎక్కువ సాధన చేయించేది ఈ ఆగడాన్నే. వీడియో అయిపోగానే పాఠం మొదలుపెట్టకూడదు. కాసేపటికి అతనే చెప్పాడు. రెండు నెలల క్రితం అలాంటి పుండే వచ్చింది. మెడికల్ షాపులో చూపించకుండానే నోటితో చెబితే ఒక ఆయింట్‌మెంటు, నాలుగు క్యాప్సూల్స్ ఇచ్చారు. మానిపోయింది, మందు పనిచేసిందనుకున్నాడు.

క్లినిక్‌కు వచ్చి నా ఎదురుగా కూర్చున్నాక అడిగిన మొదటి ప్రశ్న తన గురించి కాదు. "సార్, ఇది కడుపులో బిడ్డకు పోతుందా?" అన్నాడు.

పోతుంది. గర్భిణికి సిఫిలిస్ ఉండి వైద్యం అందకపోతే బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు, పుట్టిన కొద్ది రోజులకే పోవచ్చు, లోపాలతో పుట్టవచ్చు. పెన్సిలిన్ సమయానికి పడితే ఇదంతా ఆగుతుంది. ప్రసవానికి కనీసం నాలుగు వారాల ముందు వైద్యం మొదలవ్వాలి, ఎంత ముందైతే అంత మేలు. ఈ మాటలు దాచకుండా, రెండో సగాన్ని ముందు చెప్పాను.

అతని రక్తపరీక్షలో సిఫిలిస్ రియాక్టివ్, అంటే పాజిటివ్ వచ్చింది, నిర్ధారణ పరీక్షలోనూ అదే. రాతపూర్వక సమ్మతితో చేసిన హెచ్‌ఐవీ పరీక్ష నెగెటివ్. ఇటీవలి సంబంధాల దృష్ట్యా మూడు నెలల తర్వాత మళ్లీ చేయించాలని చెప్పాం. బెంజథైన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు, రెండు పిరుదులకూ చెరి సగం. చిక్కటి మందు, సూది పెద్దది, నొప్పి బాగా ఉంటుంది. ఎలర్జీ వస్తుందేమోనని అరగంట కూర్చోబెట్టాం. ఆ అరగంటలోనే అసలు కష్టమైన సంభాషణ జరిగింది.

భార్యకు మూడో నెలలో ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షలన్నీ అయ్యాయి. గర్భిణులందరికీ చేసే హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు రెండూ నెగెటివ్. కార్డు మీద రాసి ఉంది. దాన్ని చూసి అతను ఊపిరి పీల్చుకున్నాడు. తేదీలు పక్కపక్కన రాసి చూపించాను. పుండు వచ్చింది రెండు నెలల క్రితం, అంటే ఆమె పరీక్ష దాదాపు అదే రోజుల్లో జరిగింది. సిఫిలిస్ ఆమెకు సోకి ఉంటే ఆ పరీక్షలో కనిపించే సమయం అప్పటికి రాలేదు. ఏడో నెలలో ఆమె పుట్టింటికి వెళ్తుంది. అక్కడికి వెళ్లాక ఈ పని చేయించడం ఎంత కష్టమో అతనికీ తెలుసు.

ఆమెకు ఎంత చెప్పాలో నిర్ణయించుకునే హక్కు అతనిది. తనకు ఏ జబ్బు ఉందో, బిడ్డకు ఏం ప్రమాదమో తెలుసుకునే హక్కు ఆమెది. ఈ రెండింటి మధ్య కౌన్సెలర్ నిలబడాలి. అతని సంబంధాల గురించి మా నోటి నుంచి ఆమెకు ఒక్క మాట వెళ్లదని చెప్పాను. ఆమె జబ్బు గురించి ఆమె అడిగితే డాక్టరు అబద్ధం చెప్పరని కూడా అంతే స్పష్టంగా చెప్పాను. అతను రెండు రోజులు గడువు అడిగాడు. ఇంట్లో అతను చెప్పింది ఇది: తనకు ఒక పుండు వచ్చింది, రక్తంలో జబ్బు తేలింది, సూది వేయించుకున్నాడు, ఆమె కూడా చూపించుకోకపోతే బిడ్డకు ప్రమాదం.

ఆమె వచ్చింది. పరీక్ష రియాక్టివ్. అదే రోజు పెన్సిలిన్ వేశారు. నాతో ఒంటరిగా ఉన్నప్పుడు, "ఎవరి దగ్గరి నుంచి తెచ్చుకున్నాడు?" అని అడిగింది. సమాధానం నా దగ్గర ఉంది, చెప్పే హక్కు లేదు. ఆయనే చెప్పవలసిన విషయమని, ఆయన్ని అడిగే హక్కు మీకు పూర్తిగా ఉందని, ఆ మాటలు మాట్లాడుకునేటప్పుడు పక్కన ఎవరైనా ఉండాలనిపిస్తే నేను వస్తానని చెప్పాను. ఆమె నన్ను మళ్లీ పిలవలేదు. ఇలాంటి మహిళల కోసం మా ప్రాజెక్టులో ప్రత్యేకమైన ఏర్పాటేదీ లేదు, ఉండాలని గట్టిగా నమ్ముతాను. భర్త రహస్యాన్ని కాపాడే వ్యవస్థకు భార్య కోసం ఒక మహిళా కౌన్సెలర్‌ను పెట్టడం మోయలేని భారమేమీ కాదు.

బిడ్డ నెలలు నిండి పుట్టింది. పుట్టిన తర్వాత చేసిన పరీక్షలో జబ్బు సోకిన గుర్తులు లేవు. అతని రెండో హెచ్‌ఐవీ పరీక్ష కూడా నెగెటివ్. ఇప్పుడు మూడు నెలలకోసారి సుఖవ్యాధుల పరీక్షకు వస్తున్నాడు. తన స్టాండులోని మరో ఇద్దరిని తానే వెంట తీసుకొచ్చాడు.

ఏం మారింది

ఈ కేసులో వీడియో చేసిన పని రెండున్నర నిమిషాలది. తర్వాత పీర్ ఆగడం, అరగంట సంభాషణ, కార్డు మీది తేదీలు, పెన్సిలిన్ అందుబాటులో ఉండడం, ఇవన్నీ లేకపోతే అది ఫోనులో మరో వీడియోగానే మిగిలేది. అయితే వీడియో లేకపోతే అతను ఆ పుండు సంగతి ఎవరికీ చెప్పేవాడు కాదు. మానిపోయినదాని గురించి ఎవరు చెబుతారు? లక్షణాలేమైనా ఉన్నాయా అని పీర్ చాలాసార్లు అడిగాడు, లేవని ఇతను చెబుతూ వచ్చాడు. అతని లెక్కలో అది నిజమే.

మాకు వచ్చే ప్రశ్నలు మారాయి. ఇదివరకు, హెచ్‌ఐవీ దోమకాటుతో వస్తుందా వంటివి వచ్చేవి. ఇప్పుడు "నిన్న రాత్రి కండోమ్ చిరిగింది, ఇంకా ఎంత సమయం ఉంది?" అని ఫోను వస్తోంది. ప్రమాదం జరిగాక హెచ్‌ఐవీ సోకకుండా వాడే పెప్ మందులు 72 గంటల లోపు మొదలవ్వాలి, 28 రోజులు వాడాలి, మొదటి కొన్ని గంటల్లో అయితే ఇంకా మంచిది. దాని మీద తీసిన వీడియోలో గడియారం తప్ప మరేమీ లేదు. గచ్చిబౌలి వైపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్ల తీరు వేరు. హెచ్‌ఐవీ సోకకుండా ముందుగానే వేసుకునే ప్రెప్ మాత్రల గురించి వాళ్లు చదివి వస్తారు. న్యాకో 2022లో ప్రెప్‌కు మార్గదర్శకాలు విడుదల చేసిందని కూడా తెలుసు. ప్రెప్ సిఫిలిస్‌ను, సెగరోగాన్ని (గనేరియా) ఆపదన్నది మాత్రం చాలామందికి తెలియదు. వాళ్లకు ఇంకో వీడియో కావలసి వచ్చింది.

యాప్‌లో పరిచయమై, గదికి పిలిచి, వీడియో తీసి బెదిరించే ముఠాల గురించీ ఒకటి చేశాం. మొదటిసారి కలిసేటప్పుడు నలుగురు తిరిగే చోట కలవమని, బెదిరిస్తే డబ్బు ఇవ్వవద్దని, బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద నేరమని చెబుతుంది. ఇది ఆరోగ్యం కిందికి వస్తుందా అని అడిగినవాళ్లున్నారు. వస్తుంది. ఒకసారి అలా దోపిడీకి గురైనవాడు తర్వాత ఏ అపరిచితుడినీ, మా పీర్‌ని కూడా, నమ్మడు.

ఇప్పుడు స్క్రిప్టు దశలో ఉన్నది మెడికల్ షాపుల వాళ్ల కోసం. ఈ కేసులో పుండు గురించి అందరికంటే ముందు విన్నది కౌంటర్ వెనక ఉన్న మనిషి. చాలా కేసుల్లో అంతే. అతను చెడ్డవాడు కాదు, సిగ్గుపడుతున్న కుర్రవాడికి సాయం చేశాననే అనుకుంటాడు. కానీ సెగరోగానికి సిప్రోఫ్లాక్సాసిన్ ఏనాడో పనిచేయడం మానేసింది, సిఫిలిస్ పుండుకు ఆయింట్‌మెంటుతో ఒరిగేదేమీ లేదు. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సుఖవ్యాధుల క్లినిక్‌లలో రంగు డబ్బాల మందుల కిట్లు ఉచితంగా ఇస్తారు. స్రావానికి బూడిద రంగు కిట్, పుండుకు తెల్ల కిట్, నీటి పొక్కులకు ఎర్ర కిట్. ఈ సంగతి షాపుల్లో చాలామందికి తెలియదు. పక్కన వేరే కొనుగోలుదారు ఉంటే గొంతు తగ్గించడం, పుండు ఎప్పటి నుంచి ఉందో అడగడం, మందు ఇవ్వకుండా క్లినిక్ చీటీ ఇవ్వడం, ఇంట్లో గర్భిణి ఉందా అని తప్పకుండా అడగడం: ఈ నాలుగూ రెండున్నర నిమిషాల్లో చెప్పాలి. మందు అమ్మకుండా పంపితే షాపుకు వచ్చే నష్టం సంగతేమిటని ఇద్దరు యజమానులు సూటిగానే అడిగారు. ఆ ప్రశ్నకు సమాధానం కూడా స్క్రిప్టులో ఉండాలి. ఇతర జిల్లాల్లో మెడికల్ షాపులతో పనిచేసిన కౌన్సెలర్లు ఎవరైనా ఆ సమాధానం కనుక్కుని ఉంటే, మా పీర్‌లు దాన్ని వెంటనే వాడుకుంటారు.